ఒక గొడుగు మూసే ముందే ఇంకో గొడుగు తెరవాలి

(సమాఖ్య వార్షిక మహాసభలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఇప్పటిదాకా లెక్కలు విన్నారు. పొదుపు ఎంత, లింకేజీ లోను ఎంత, రికవరీ ఎంత అని కార్యదర్శి అక్క చదివింది. నేను చెప్పేది కూడా లెక్కే. కాకపోతే మన పుస్తకాల్లో ఎక్కడా రాయని లెక్క.

కిస్తీ ఆగిపోతే కారణం దగ్గర మనం "ఇంట్లో ఇబ్బంది" అని రాస్తాం. ఏం ఇబ్బంది అని ఇంకో మాట అడిగి చూడండి. చాలాసార్లు వచ్చే జవాబు దవాఖానా ఖర్చే. బిడ్డ కాన్పు, భర్త బండి మీంచి పడ్డాడు, అత్తమ్మకు గుండె నొప్పి, లేదంటే తనకే గర్భసంచి ఆపరేషన్. టిఫిన్ సెంటరు కోసమని తీసుకున్న లోను ఆసుపత్రి కౌంటర్లో పడుతుంది. గ్రైండరు కొనాల్సిన డబ్బు మందులకు పోతుంది. సామాను లేక వ్యాపారం ఆగుతుంది, వ్యాపారం ఆగితే కిస్తీ ఆగుతుంది, ఆ కిస్తీ మిగిలిన తొమ్మిది మంది మీద పడుతుంది. అందుకే ఆరోగ్య బీమా అనేది ఒక్క ఇంటి సంగతి అనుకోవద్దు. అది సంఘం సంగతి.

ఈ రెండు మూడేళ్లలో బీమా నియమాలు చాలా మారాయి. కొన్ని మనకు మేలు చేసేవి, కొన్ని సగం మేలు చేసేవి. మన నానక్‌రామ్‌గూడలో, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఐఆర్‌డీఏఐ అనే ఆఫీసు ఉంది. దేశంలో ఉన్న బీమా కంపెనీలన్నిటికీ నియమాలు పెట్టే సంస్థ అది. దాని ప్రధాన కార్యాలయం ఢిల్లీలో లేదు, ముంబైలో లేదు, మన బస్తీలకు ఆటో దూరంలో ఉంది. ఆ చుట్టుపక్కల బిల్డింగుల్లో పొద్దున్నే ఫ్లోరు తుడిచేది మన వాళ్లే. అక్కడ తయారైన నియమం మన ఇంటికి చేరాలంటే మాత్రం మనమే అడిగి తెలుసుకోవాలి.

ముందు మనం ఎవరమో చూసుకుందాం. ఈ మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, మియాపూర్ వైపు మన సభ్యులు మూడు రకాల పనుల్లో ఉన్నారు. కంపెనీల్లో హౌస్‌కీపింగ్, క్యాంటీన్, సెక్యూరిటీ పనులు ఏజెన్సీ కింద చేసేవాళ్లు ఒక రకం. అపార్ట్‌మెంట్లలో ఇంటి పని, వంట పని చేసేవాళ్లు, టిఫిన్ బండి, కుట్టు మిషను నడుపుకునేవాళ్లు రెండో రకం. కర్రీ పాయింట్, మెస్, లేడీస్ హాస్టల్, టైలరింగ్ యూనిట్ పెట్టి నలుగురికో పది మందికో పని ఇచ్చేవాళ్లు మూడో రకం. ఒకే మనిషి పదేళ్లలో మొదటి రకం నుంచి మూడో రకానికి ఎదుగుతుంది. మన సంఘాలు ఉన్నదే అందుకు. కానీ అలా ఎదిగే దారిలో ఒక గొయ్యి ఉంది. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఆ గొయ్యి గురించే. దానికి ముందు, ఉన్న గొడుగులు ఏంటో ఒక్కొక్కటీ చూద్దాం.

మొదటిది ఆరోగ్యశ్రీ. 2007లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ముందుగా మొదలైంది. మన బస్తీల్లో పాలమూరు వాళ్లూ ఉన్నారు, శ్రీకాకుళం వాళ్లూ ఉన్నారు. వాళ్ల ఇళ్లల్లో పెద్దవాళ్లకు ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి కుటుంబానికి ఏడాదికి ఉన్న పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షల రూపాయలకు పెంచారు. మహిళలకు బస్సు ఉచితం చేసింది కూడా అదే రోజు. 2024లో కొత్త చికిత్సలు కొన్ని చేర్చి, ఆసుపత్రులకు ఇచ్చే రేట్లు కూడా పెంచారు. దీనికి ప్రీమియం లేదు, వయసు పరిమితి లేదు, పాత జబ్బు అని కాదనేది లేదు. పేదింటికి ఇంతకన్నా మంచి గొడుగు లేదు.

అయితే నాలుగు సంగతులు గుర్తుంచుకోవాలి. ఒకటి, ఇది ఆసుపత్రిలో చేరే పెద్ద జబ్బులకే. జ్వరానికి, షుగరు మందులకు, రక్త పరీక్షలకు బస్తీ దవాఖానాకు వెళ్లండి, అక్కడ డబ్బు అడగరు. రెండు, నెట్‌వర్క్ ఆసుపత్రిలోనే నడుస్తుంది. ఆసుపత్రిలో అడుగు పెట్టగానే ఆరోగ్యమిత్ర ఎక్కడ అని అడగండి. ముందు అడ్వాన్సు కట్టేసి తర్వాత కార్డు చూపిస్తే ఇబ్బంది పడతారు. ఏ సందేహమున్నా 104కు ఫోన్ చేయండి. మూడు, కార్డు ఏ రాష్ట్రంలో ఉందో పథకం ఆ రాష్ట్రానిదే. ఊళ్లో ఆంధ్ర కార్డు ఉంచుకుని ఇక్కడ ఉంటున్నవాళ్లు, ఇక్కడ ఏ ఆసుపత్రిలో అది చెల్లుతుందో ఇప్పుడే కనుక్కోవాలి, ఆంబులెన్సులో కాదు. నాలుగు, 2025లో బకాయిలు రాలేదని ప్రైవేటు నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపాయి. అలాంటి రోజు వస్తే గాంధీ, ఉస్మానియా, నిమ్స్, మన కొండాపూర్ ప్రభుత్వ ఆసుపత్రి ఉన్నాయి. దారి ముందే తెలుసుకుని ఉండాలి.

ఇంట్లో 70 ఏళ్లు దాటిన అత్తమ్మ, మామ, అమ్మ, నాన్న ఉంటే ఇంకో గొడుగు వచ్చింది. 2024 అక్టోబరు 29 నుంచి ఆయుష్మాన్ భారత్ కింద వాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం ఇస్తున్నారు. రేషన్ కార్డు ఉందా, కొడుకు ఏం ఉద్యోగం చేస్తున్నాడు అని అడగరు. ఆధార్‌లో వయసు సరిగ్గా ఉంటే చాలు. చాలా మంది పెద్దవాళ్ల ఆధార్‌లో పుట్టిన తేదీ తప్పుగా ఉంది. అది ముందు దిద్దించాలి.

రెండోది ఈఎస్‌ఐ. ఏజెన్సీ కింద పనిచేసే అక్కలు దీన్ని జాగ్రత్తగా వినండి. పది మంది, అంతకన్నా ఎక్కువ పనివాళ్లున్న చోట, నెలకు 21 వేల రూపాయల లోపు జీతం ఉన్నవాళ్లకు ఈఎస్‌ఐ కట్టి తీరాలి. జీతంలో మన వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. 15 వేల జీతమైతే మన జేబు నుంచి పోయేది 113 రూపాయలు, యజమాని కలిపేది సుమారు 488. ఆ 600 రూపాయలకు వచ్చేది చూడండి. మనకు, భర్తకు, పిల్లలకు, మన మీద ఆధారపడ్డ తల్లిదండ్రులకు వైద్యం. పాత జబ్బు అని ఆపడం లేదు. అర్హత రోజులు నిండితే, జబ్బు చేసి పనికి పోలేని రోజులకు జీతంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా. మొదటి రెండు కాన్పులకు 26 వారాల జీతం. ప్రైవేటు బీమాలో ఇంత తక్కువకు ఇవన్నీ ఎక్కడా దొరకవు.

అందుకే పే స్లిప్పు అడిగి తీసుకోండి. అందులో ఈఎస్‌ఐ కోత కనిపిస్తే, మీ ఇన్సూరెన్స్ నంబరు ఎంతో రాసుకోండి. కోత కోసి నంబరు ఇవ్వకపోతే ఆ డబ్బు ఎక్కడికి పోతోందో అడగాలి. ఏజెన్సీ మారినా నంబరు మారదు, జీవితాంతం ఒకటే. కొత్త ఏజెన్సీ వాళ్లకు ఆ పాత నంబరే ఇవ్వండి. ఇంట్లో వాళ్ల పేర్లు అందులో ఎక్కించారా లేదా చూసుకోండి. సనత్‌నగర్ ఈఎస్‌ఐ ఆసుపత్రికి వెళ్లాక పేరు లేదంటే ఎవరూ ఏం చేయలేరు.

జీతం 21 వేలు దాటితే? ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఒక గడువు, అక్టోబరు నుంచి మార్చి దాకా ఇంకో గడువు. మధ్యలో జీతం పెరిగినా ఆ గడువు పూర్తయ్యేదాకా ఈఎస్‌ఐ నడుస్తుంది. ఆ తర్వాత కొంత కాలానికి ఆగిపోతుంది. జీతం పెరిగిందన్న సంతోషంలో గొడుగు పోయిందన్న సంగతి మరిచిపోతాం.

మూడోది మనంతట మనం కొనుక్కునే పాలసీ. ఇక్కడే ఎక్కువ మార్పులు వచ్చాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తులు, కుటుంబాలు కొనుక్కునే ఆరోగ్య బీమా మీద జీఎస్‌టీ పూర్తిగా తీసేశారు. అంతకు ముందు 18 శాతం ఉండేది. ఉదాహరణకు 15 వేల ప్రీమియం అనుకోండి, అప్పుడు పన్నుతో 17,700 అయ్యేది. ఇప్పుడు ఆ 2,700 లేదు. కానీ కంపెనీలు తమ ఖర్చుల మీద కట్టిన పన్నును ఇప్పుడు వెనక్కి తీసుకోలేవు. ఆ భారం అసలు ప్రీమియంలో కలిపే అవకాశం ఉంది. అందుకే రెన్యూవల్ అప్పుడు పోయినేడు కాగితం, ఈ ఏడు కాగితం పక్కపక్కన పెట్టి అసలు ప్రీమియం ఎంత పెరిగిందో చూడండి.

2024లో ఐఆర్‌డీఏఐ ఇంకొన్ని మార్చింది. షుగరు, బీపీ లాంటి పాత జబ్బులకు కంపెనీ నాలుగేళ్ల దాకా ఆపే వీలుండేది. ఇప్పుడు మూడేళ్లకు మించి ఆపకూడదు. 65 ఏళ్లు దాటితే పాలసీ ఇవ్వరన్న పాత అడ్డు పోయింది. అయిదేళ్లు ఆపకుండా కట్టినవాళ్లకు, మోసం రుజువైతే తప్ప, "అప్పుడు ఆ జబ్బు సంగతి చెప్పలేదు" అని క్లెయిమ్ కొట్టేయకూడదు. నగదు లేని చికిత్సకు ఆసుపత్రి అడిగిన గంటలోపు జవాబివ్వాలి. డిశ్చార్జి అప్పుడు మూడు గంటల్లోపు తేల్చాలి. అంతకన్నా ఆలస్యమై ఆసుపత్రి ఎక్కువ బిల్లు వేస్తే ఆ ఎక్కువ కంపెనీదే. 2025 జనవరి నుంచి, 60 దాటినవాళ్ల ప్రీమియం ఏడాదికి 10 శాతం కన్నా ఎక్కువ పెంచాలంటే ఆ సంస్థను ముందుగా సంప్రదించాలి.

కానీ షుగరు ఉంటే ఉందని రాయించండి. ఏజెంటు "రాయొద్దు మేడం, ప్రీమియం పెరుగుతుంది" అంటాడు. అతని కమీషన్ అతనికి వస్తుంది, క్లెయిమ్ రోజు అతను ఫోన్ ఎత్తడు. తక్కువ ప్రీమియం కోసం దాచిన ముక్క, కట్టిన డబ్బంతా ముంచుతుంది. ఏ పాలసీ తీసుకోవాలో తెలియనివాళ్లు ముందు ఆరోగ్య సంజీవని గురించి అడగండి. 2020 నుంచి ఆరోగ్య బీమా అమ్మే ప్రతి కంపెనీలోనూ ఒకే రకం షరతులతో ఉన్న పాలసీ అది. పేర్లు, షరతులు చూసి తికమక పడక్కర్లేదు, ఏ కంపెనీలో ధర తక్కువో పోల్చుకుంటే సరిపోతుంది. ప్రతి బిల్లులో 5 శాతం మనం పెట్టుకోవాలి.

ఇక వ్యాపారం చేసే అక్కల సంగతి. జీఎస్‌టీ తీసేశారు కదా, మా మెస్‌లో పనిచేసే వాళ్లందరికీ కలిపి ఒక పాలసీ తీసుకుంటాం అని కొందరు అడిగారు. ఇక్కడ ఒక మెలిక ఉంది. పన్ను పోయింది విడిగా కొనుక్కునే పాలసీలకే. యజమాని పనివాళ్లకు కొనే గ్రూపు పాలసీ మీద 18 శాతం అలాగే ఉంది. 60 వేల ప్రీమియం అయితే 10,800 పన్ను. పెద్ద కంపెనీకి అది లెక్కలోకి రాదు. 5 శాతం జీఎస్‌టీ కట్టే హోటలుకు, మెస్‌కు ఆ పన్ను వెనక్కి కూడా రాదు. హైటెక్ సిటీలో జీతం తీసుకునే ఇంజనీరు తన ఇంటికి కొనుక్కునే పాలసీ మీద పన్ను లేదు. ఆ ఇంజనీరుకు అన్నం వండే అమ్మాయి కోసం మన అక్క కొనే పాలసీ మీద పన్ను ఉంది. ఈ తేడా పోవాలని మన సమాఖ్య తరఫున అడగాల్సిందే.

అడుగుతూనే, ఇప్పుడు ఉన్నదాంట్లో ఏది మేలో చూసుకోవాలి. పది మంది పనివాళ్లు దాటితే ఈఎస్‌ఐ తప్పదు. తప్పదని కాకుండా, మేలని చేరండి. 15 వేల జీతమున్న పది మందికి నెలకు మీ వాటా 4,875 రూపాయలు. పనివాళ్లను తొమ్మిది మంది దగ్గరే ఆపేయడం, పదో మనిషి పేరు రిజిస్టరులో రాయకపోవడం కొన్ని చోట్ల జరుగుతోంది. పొయ్యి దగ్గర ఒకరికి కాలిందనుకోండి, ఆ ఖర్చు ముందు మీ తలుపే తడుతుంది. పది మంది లేనివాళ్లకు కూడా ఇప్పుడు దారి వచ్చింది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లో, యజమాని, ఎక్కువ మంది పనివాళ్లు ఒప్పుకుంటే చిన్న చోట్ల కూడా ఇష్టపూర్వకంగా ఈఎస్‌ఐలో చేరే వీలు పెట్టారు. అయిదుగురితో కర్రీ పాయింట్ నడిపే అక్క దీని గురించి కనుక్కోవాలి.

ఇప్పుడు గొయ్యి సంగతికి వస్తాను. ఒక అక్కను అనుకోండి. పదేళ్ల కింద టిఫిన్ బండి, రేషన్ కార్డు, ఆరోగ్యశ్రీ. సంఘంలో లోను తీసుకుని మెస్ పెట్టింది. ఇప్పుడు పది మంది పనివాళ్లు. పట్టణంలో రేషన్ కార్డుకు ఆదాయ పరిమితి ఏడాదికి 2 లక్షలు. నెలకు 20 వేలు మిగిలితే ఏడాదికి 2 లక్షల 40 వేలు, అంటే పరిమితి దాటింది. ఆరోగ్యశ్రీకి ఆధారం ఆ కార్డే, కార్డుతో పాటు అదీ పోతుంది. మరి ఈఎస్‌ఐ? అది పనివాళ్లకు. యజమానురాలికి ఉండదు. గిన్నెలు తోమే అమ్మాయికి గొడుగు ఉంది, వంట మనిషికి ఉంది. జీతాలిచ్చే అక్క ఒక్కతే వానలో నిలబడింది. ఆమెకు జబ్బు చేస్తే ఆమె ఒక్కతే పోదు, పది మంది పని పోతుంది, సంఘం లోను ఆగుతుంది.

ఇది మన దగ్గర మాత్రమే ఉన్న గొయ్యి కాదు. నీతి ఆయోగ్ 2021లో ఇచ్చిన నివేదికలో దేశంలో సుమారు 30 శాతం మందికి, అంటే దాదాపు 40 కోట్ల మందికి, ఏ ఆరోగ్య రక్షణా లేదని రాసింది. ప్రభుత్వ పథకానికి పేదలు కారు, సొంతంగా కొనేంత ఉన్నవాళ్లు కారు. మన సంఘాలు గెలిచిన కొద్దీ మన సభ్యులు చేరేది ఆ మధ్య గుంపులోనే.

దీనికి మందు ఆదాయం దాచుకోవడం కాదు. కార్డు పోతుందని వ్యాపారం పెంచకుండా ఆగడం అంతకన్నా కాదు. మందు ఏంటంటే టైము. పాత జబ్బుకు మూడేళ్ల దాకా ఆగాలని చెప్పాను కదా. అంటే ఈ గొడుగు కొన్న రోజే పూర్తిగా తెరుచుకోదు, తెరుచుకోవడానికి మూడేళ్లు పట్టొచ్చు. వాన మొదలయ్యాక తెరిస్తే తడవక తప్పదు. కార్డు ఇంకా చేతిలో ఉన్నప్పుడే, వయసు తక్కువగా ఉన్నప్పుడే, చిన్న పాలసీ అయినా సరే మొదలుపెట్టాలి. ఆ మూడేళ్లు ఆరోగ్యశ్రీ కాపాడుతుంది, ఈ లోపు పాలసీ వయసు పెరుగుతుంది. ఈఎస్‌ఐ నుంచి బయటికొచ్చేవాళ్లకూ ఇదే మాట. ఆపీసు గ్రూపు పాలసీ ఉన్నవాళ్లు పని మానేటప్పుడు, అదే కంపెనీలో సొంత పాలసీకి మార్చమని అడగండి. అప్పటిదాకా గడిచిన కాలం కలిసొస్తుంది. కట్టే తేదీ మాత్రం తప్పొద్దు. సంవత్సరానికి కట్టేవాళ్లకు 30 రోజులు, నెలనెలా కట్టేవాళ్లకు 15 రోజులు గడువు ఉంటుంది. అది దాటితే కథ మళ్లీ మొదటికొస్తుంది.

కంపెనీ క్లెయిమ్ కాదంటే ఏడ్చి ఊరుకోవద్దు. ముందు కంపెనీకి రాతపూర్వకంగా రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాద్‌లోనే ఉన్న బీమా అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, కానీ ఏడాది లోపు రాయాలి. ఐఆర్‌డీఏఐకి ఫిర్యాదు చేయాలంటే బీమా భరోసా నంబరు 155255. ఆర్పీలు ఈ నంబర్లను సంఘం పుస్తకం అట్ట మీద రాయించండి.

చివరిగా ఆరోగ్య ఉపసంఘం తరఫున మూడు తీర్మానాలు మీ ముందు పెడుతున్నాను.

ఒకటి: ప్రతి సంఘం తీర్మానాల పుస్తకంలో ఒక పేజీ పెట్టి, ప్రతి సభ్యురాలి పేరు ఎదురుగా ఆమె ఇంటికి ఏ గొడుగు ఉంది, ఎప్పటిదాకా ఉంది అని రాయాలి. ఏమీ లేకపోతే "లేదు" అని రాయాలి. జబ్బు పేరు రాయక్కర్లేదు, అది ఆమె సొంత సంగతి.

రెండు: వ్యాపారానికి పెద్ద లోను అడిగినప్పుడు, ఆ సభ్యురాలి బీమా సంగతి కూడా అడగాలి. లోను ఆపడానికి కాదు. ప్రీమియాన్ని కూడా వ్యాపారం ఖర్చులో, గ్యాసు, బియ్యం, కిరాయి పక్కన రాయించడానికి. 15 వేల ప్రీమియం అంటే నెలకు 1,250. సంఘంలో పొదుపుతో పాటే విడిగా దాచుకుంటే కట్టే నెలలో చేయి చాచక్కర్లేదు.

మూడు: చిన్న యజమానులు పనివాళ్లకు కొనే గ్రూపు పాలసీల మీద జీఎస్‌టీ తీసేయాలని, ఆదాయ పరిమితి కొంచెం దాటిన కుటుంబాలు కొంత ప్రీమియం కట్టి ప్రభుత్వ పథకంలో కొనసాగే వీలు ఇవ్వాలని సమాఖ్య నుంచి వినతిపత్రం పంపాలి.

చేతులెత్తి ఆమోదిస్తే ఈ నెల సంఘం మీటింగులోనే మొదటి తీర్మానం పని మొదలుపెడదాం. వచ్చే మహాసభకు ప్రతి స్లమ్ సమాఖ్య తన పేజీల్లో "లేదు" అన్న మాట ఎన్నిచోట్ల ఉందో లెక్కపెట్టి తేవాలి. ఏటేటా ఆ లెక్క తగ్గాలి.